పాత సామాను - మన ఇంటికి అమరేదేది?



ఈమధ్య పాత చెక్క సామాను మీద అందరికీ మళ్ళీ మోజు పుట్టింది. ఒకప్పుడు కొట్టుగదిలో దుమ్ము కొట్టుకుపోయిన భోషాణం ఇవాళ ముందుగదిలో దర్జాగా కూర్చుంటోంది. పందిరి మంచం, పడక కుర్చీ, ఉయ్యాల బల్ల, పేము అల్లిన కుర్చీలు, వీటికోసం దుకాణాలన్నీ గాలించేవాళ్ళు ఎందరో. సంతోషమే. మంచి చేవగల టేకుతో, పనితనం తెలిసిన వడ్రంగి చేసిన వస్తువు మూడు తరాలపాటు చెక్కు చెదరదు. అయితే పాతదైనంత మాత్రాన ప్రతిదీ మన ఇంటికి అమరుతుందా? ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఇల్లు చూసి సామాను చూడమని ఈరోజు నేను మనవి చేస్తున్నాను.

బజారుకు బయలుదేరే ముందు కొలతలు తీసుకోండి. గది పొడవు, వెడల్పు ఒక్కటే చాలదు. గుమ్మం ఎంత? మేడమెట్ల మలుపు ఎంత? లిఫ్టు తలుపు ఎంత? ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని సంచీలో వేసుకోండి. ఎత్తు కప్పులున్న మండువా ఇళ్ళకోసం చేసిన వస్తువులు ఈ వాటాల్లోకి వచ్చేసరికి గదిని మింగేస్తాయి. పందిరి మంచమే చూడండి. పందిరి పైన ఫ్యాను రెక్కలకు చాలినంత ఎడం ఉందా? దోమతెర కట్టాక లోపలికి గాలి ఆడుతుందా? ఇంకో సంగతి, పాత మంచాల కొలతలకు ఇప్పటి దుకాణాల్లో దొరికే పరుపులు సరిపోకపోవచ్చు. బూరుగు దూదితో ప్రత్యేకంగా కుట్టించుకోవలసి వస్తే ఆ ఖర్చు కూడా లెక్కలోకి రావాలి. వస్తువును గదిలో పెట్టాక మనిషి నడవడానికి కనీసం రెండున్నర అడుగుల దారి మిగలాలి. లేకపోతే రోజూ మోకాళ్ళకు దెబ్బలే!

తరువాత, దాన్ని వాడబోయేది ఎవరో ఆలోచించండి. కుర్చీ మీద కూర్చుని చూడకుండా బేరం మొదలుపెట్టకండి. కూర్చునే ఎత్తు సుమారు 17, 18 అంగుళాలుంటే మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూడా సులువుగా లేవగలుగుతారు. పడక కుర్చీ చూడముచ్చటగా ఉంటుంది గానీ, అందులోంచి లేవడానికి మామగారికి ఇద్దరి సాయం కావాలంటే ఏం లాభం? బీరువా అడుగున చీపురు దూరుతుందా లేదా అన్నది కూడా చూసుకోవాలి. ఊడ్చేది మనమే కదా!

ఇక వస్తువు మంచిచెడ్డలు. పైమెరుగు చూసి మురిసిపోకండి. తిరగేయించి అడుగు చూడండి, సొరుగు పూర్తిగా బయటికి లాగి దాని వెనక చూడండి. మంచి పనివాడు చెక్కకు చెక్కను కుసి, బెజ్జం పెట్టి బిగిస్తాడు. సొరుగు మూలల్లో రెండు చేతుల వేళ్ళు పెనవేసినట్టు చెక్క పళ్ళు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. అలాంటి అతుకు వదులైనా మళ్ళీ బిగించుకోవచ్చు. మేకులు కొట్టి నిలబెట్టినదైతే ఎన్నాళ్ళో ఆగదు. "నూట యాభై ఏళ్ళ నాటిదమ్మా" అని దుకాణదారు అంటాడు. లోపల మరమేకుల తలమీద కూడిక గుర్తులాంటి గాడి కనబడిందనుకోండి, ఆ భాగం ఇటీవలిదో, మరమ్మతు చేసినదో అన్నమాట. అలాంటి మరమేకులు 1930ల తరువాతే వాడుకలోకి వచ్చాయి. నిజంగా వాడిన వస్తువు చేతులు తగిలేచోట, పాదాలు ఆనేచోట అరిగి ఉంటుంది. అన్నివైపులా ఒకేలా అరిగితే కాస్త అనుమానించండి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం పుచ్చు. టేకు చేవకు చెద సామాన్యంగా పట్టదు. కానీ చేవ చుట్టూ ఉండే తెల్లటి పైకర్రను పుచ్చు పురుగు వదలదు. గుండుసూది తలంత చిల్లులున్నా భయపడనక్కరలేదు, అవి ఎప్పటివో కావచ్చు. ఆ చిల్లుల్లోంచి గోధుమపిండిలాంటి పొడి రాలుతోందంటే మాత్రం పురుగు ఇంకా లోపల ఉన్నట్టే. అనుమానంగా ఉన్న వస్తువును తెచ్చిన వెంటనే గదిలో పెట్టకుండా, కింద నల్ల కాగితం పరిచి ఓ పదిహేను రోజులు వరండాలో ఉంచండి. కాగితం మీద పొడి కనబడితే ముందు మందు వేయించాలి. మంచాల సందుల్లో, పేము అల్లికల్లో నల్లులు కూడా ఉంటాయి. నల్లటి చుక్కలు కనబడుతున్నాయేమో టార్చిలైటు వేసి వెతకండి.

పాత రంగులతో కూడా జాగ్రత్త అవసరం. రంగులు వేసిన పాత ఉయ్యాల తొట్టెలు, పిల్లల కుర్చీలు ముద్దుగా ఉంటాయి. కానీ ఆ రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్ళలో వాడే రంగుల్లో సీసం బాగా తగ్గించాలన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. పసివాళ్ళు నోట్లో పెట్టుకునే వస్తువైతే అసలు వద్దు. ఊడిపోతున్న రంగును ఉప్పుకాగితంతో పొడిగా రుద్దితే ఆ ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది. లక్క పాలిష్ చేసిన బల్లమీద వేడి గిన్నె పెడితే తెల్లటి మచ్చ పడుతుంది. కాబట్టి పొడిబట్టతో తుడుచుకోండి, వేడిగిన్నె కింద చాప ముక్క వేయండి.

కొన్ని వస్తువులు ఎంత అందంగా ఉన్నా మనం ముట్టుకోకూడదు. గుడి తలుపులు, రథం మీది బొమ్మలు ఎవరైనా చాటుగా అమ్మజూపితే వద్దనండి. 18వ శతాబ్దంలో మన విశాఖపట్నం పనివాళ్ళు రోజ్‌వుడ్ మీద ఏనుగు దంతం పొదిగి చేసిన పెట్టెలు, కుర్చీలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని తలుచుకుని గర్వపడదాం గానీ, దంతం కొనడం, అమ్మడం ఇప్పుడు నేరం. అమెరికాలో ఉన్న పిల్లలకు తాతగారి నగిషీ పెట్టె పంపాలనుకునే తల్లులు ఒక మాట గుర్తుంచుకోవాలి. నూరేళ్ళు పైబడిన కళావస్తువును మనంతట మనం దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు.

ఇన్ని చెప్పాను గానీ, అసలు కొనేముందు మన ఇళ్ళలో ఉన్నదేమిటో చూసుకున్నామా? మా వీధిలో ఒక కుటుంబంవారు కోనసీమలోని తమ పాత ఇల్లు అమ్మేశారు. సామానంతా కలిపి ఇంత ఇస్తానని ఒక వ్యాపారి వచ్చాడు. కొడుకు సరేననబోతుంటే కోడలు ఆపి, "అత్తయ్యగారూ, ఇందులో మీకేది కావాలి?" అని అడిగింది. పందిరి మంచం అంటారని అందరూ అనుకున్నారు. ఆవిడ, "ఆ మంచం మీ మామగారిదమ్మా, అంతకుముందు ఆయన నాన్నగారిది. ఇన్నేళ్ళూ మధ్యాహ్నంపూట నేను నడుం వాల్చింది వంటింటి వసారాలో బల్లమీద. అది ఉంచండి చాలు" అన్నారట. ఐదున్నర అడుగుల టేకు బల్ల. వ్యాపారి దానికి ధరే కట్టలేదు! ఇప్పుడది వాళ్ళ వాటాలో కిటికీ పక్కన సరిగ్గా అమరింది. దానిమీదే ఆవిడ కూర్చుని కూరలు తరుగుతారు, మధ్యాహ్నం పడుకుంటారు. మంచాన్ని మాత్రం ఇద్దరు ముగ్గురిని విచారించి, విడిగా బేరం చేసి, మంచి ధరకే అమ్మారు.

కనుక సోదరీమణులారా, పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మొత్తానికి ఒకే ధర ఒప్పుకోకండి. వస్తువు వస్తువుకూ విడిగా ధర కట్టించండి. అంతకంటే ముందు, ఆ ఇంట్లో బతికిన ఆడవాళ్ళను అడగండి. కొత్తగా కొనేటప్పుడు అమ్మేవాడు చెప్పిన ధరకు రవాణా, వడ్రంగి కూలి, పాలిష్, పేము అల్లిక ఖర్చు కలిపి చూసుకుని, ఆ మొత్తం మన తాహతులో ఉంటేనే కొనండి. ఇంటిల్లిపాదీ కూర్చోవడానికి, పడుకోవడానికి, దాచుకోవడానికి పనికివచ్చే ఒక్క వస్తువు చాలు, ఇంటికి నిండుదనం వస్తుంది. చూడ్డానికి మాత్రమే పనికివచ్చేవి పది తెచ్చి పెడితే, వాటి దుమ్ము దులపడంతోనే మనకు తెల్లవారుతుంది.