స్మృతి, దృష్టి, కళ

(యాదవ సంఘ వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ మహాసభయందు విద్యార్థుల వసతిగృహమును గూర్చియు, ఉద్యోగములను గూర్చియు, రాజకీయములందు మన పాలును గూర్చియు మాటలాడువారు పెక్కురు కలరు. ఆ విషయములు నాకంటె వారే బాగుగ నెరుగుదురు. నేను బడిలో చిరకాలము పాఠములు చెప్పి విరమించినవాడను. కొంత సంస్కృతము చదివినవాడను. అందువలన గాబోలు కార్యవర్గమువారు, స్మృతియు దృష్టియు కళలను, సంస్కృతిని ఎట్లు తీర్చుచున్నవో చెప్పుమని నన్ను కోరిరి. వినుటకిది పండితగోష్ఠికి దగిన విషయమువలె దోచును. నిజమునకిది మన యింటి విషయము, మన మందల విషయము. అంతమాత్రము మీకు నిరూపింపగలిగినచో నా శ్రమ ఫలించినట్లే.

మన తార్కికులు జ్ఞానమును అనుభవమనియు, స్మృతియనియు రెండు విధములుగా విభజించిరి. కన్ను చూచినది, చెవి విన్నది అనుభవము. అనుభవము గడచిపోయినను మనస్సునందొక ముద్రను విడిచిపోవును. దానికి సంస్కారమని పేరు. ఆ సంస్కారము మేల్కొనగా కలుగునది స్మృతి. ఎదుటనున్న వస్తువును చూచుచు, మునుపు చూచినది ఇదియే యని గుర్తించుట ప్రత్యభిజ్ఞ. ఇందు కన్నును స్మృతియు కలిసి పనిచేయును. 17వ శతాబ్దివాడగు అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ఈ విభాగమును బాలురకు సైతము తెలియునట్లు సంగ్రహించెను. ఆయన ఆంధ్రుడగుట మనకు సంతోషకరము.

ఈ శాస్త్రవిషయమునకు ఉదాహరణము గ్రంథములలో వెదకనక్కరలేదు. నూరు గొర్రెల మంద దారిని పోవుచుండగా బాటసారి కంటికి అన్నియు నొక్కటే రూపు. కాపరి సాయంకాలము దొడ్డివాకిట నిలిచి, లెక్కింపకయే, ఏ గొర్రె రాలేదో, ఏ పిల్ల తల్లిని వీడి వెనుకబడినదో చెప్పగలడు. ఒకదాని చెవివంపు, ఒకదాని నుదుటి మచ్చ, ఒకదాని నడక వాని మనస్సునందు ముద్రపడి యున్నవి. ఇరువురి కన్నులును కన్నులే. కన్నుల వెనుకనున్న సంస్కారములు వేరు. కళను చూచుటయు, కళను సృజించుటయు ఇట్టివే. సంస్కారము లేని కన్నునకు రంగులు, గీతలు మాత్రమే కనబడును. సంస్కారము గల కన్నునకు వానియందు రూపమును, కథయు కనబడును.

ఇక మన ప్రాంతమునకు వత్తము. సూర్యాపేటకు చేరువనే పిల్లలమఱ్ఱి గ్రామము కలదు. 15వ శతాబ్దమున శృంగార శాకుంతలమును, జైమినిభారతమును రచించిన పినవీరభద్రుని యింటిపేరు పిల్లలమఱ్ఱి. ఆ యింటిపేరు ఈ గ్రామమునుండియే వచ్చినదని పెక్కుర నమ్మకము. ఆయన చెప్పిన శకుంతల కథ స్మృతిని గూర్చిన కథయే. వ్యాసభారతమున దుష్యంతుడు శకుంతలను మరువలేదు. ఎరిగియు లోకాపవాదమునకు వెరచి ఎరుగననెను. కాళిదాసు ఆ కథలో శాపమును, ఉంగరమును చేర్చెను. రాజు నిజముగనే మరచెను. ఉంగరము చూడగనే సర్వమును జ్ఞప్తికి వచ్చెను. ఎదుట నిలిచిన భార్యను కన్నులార చూచుచుండియు స్మృతిలేమి వలన ఆ రాజు చూడలేకపోయెను. ఈ యొక్క మార్పుతో పాతకథ లోకమంతయు మెచ్చిన నాటకమయ్యెను. పినవీరభద్రుడు భారతకథను, కాళిదాసుని కథను కలిపి తెలుగు చేసెను.

ఆ గ్రామముననే రేచెర్ల రెడ్ల కాలపు శివాలయములు కలవు. కాకతీయులనాటి 1195వ సంవత్సరపు శాసనమొకటి అచటనున్నది. నామేశ్వరాలయమున స్తంభములు అద్దమువలె నునుపుదేరి యున్నవి. ఆ యాలయమున క్షీరసాగరమథనమును చూపు వర్ణచిత్రము మాసిపోయి కొంత మిగిలియున్నది. కాకతీయుల నాటి చిత్రములు మిగుల నరుదు గనుక ఇది యెంతయు విలువగలది. కాని చూడవచ్చిన బాలునకు మందరపర్వతము, వాసుకి, దేవదానవులు అను కథ తెలియకున్న యెడల వాడు చూచునది రాతిపై మరకలు మాత్రమే. రంగు వెలియుట మొదటి నష్టము. చూచు కన్నునందు కథ వెలియుట రెండవ నష్టము. మొదటిదానిని పురావస్తుశాఖవారు కొంత యాపగలరు. రెండవదానిని ఆపవలసినది మనమే.

రాతియందుండు కళను గూర్చి చెప్పితిని. రాతియందు నిలువని కళ యొకటి మనకు కలదు. దురాజుపల్లి పెద్దగట్టు జాతరను మీకు నేను వర్ణింపనక్కరలేదు. రెండేండ్లకొకమారు మాఘమాసమున లింగమంతులస్వామికిని చౌడమ్మతల్లికిని జరుగు నీ జాతర 2025వ సంవత్సరమున ఫిబ్రవరి 16 మొదలు 20 వరకు జరిగినది. కేసారమునుండి దేవరపెట్టె కదలును. గజ్జెల లాగులు, భేరీల మ్రోత, లింగా యను కేకలతో గట్టు నిండిపోవును. మూడవనాడు చంద్రపట్నము వేయుదురు. పసుపు, కుంకుమ, పిండి మొదలగు పొడులతో నేలపై గీయు నా పట్నమునకు గ్రంథము లేదు, కొలబద్ద లేదు. చూచి వ్రాయుటకు పటము లేదు. తండ్రి గీయగా కుమారుడు చూచెను. ఆ చూచినది మనస్సున ముద్రపడెను. తన వంతు రాగా వాడు గీసెను. పూజ ముగియగనే పట్నము చెరిగిపోవును. మరల రెండేండ్లకు అదే పట్నము అదే గట్టున వెలయును. ఈ నడుమ రెండేండ్లు ఆ చిత్రము ఎచట నుండెను? గీయువాని స్మృతియందే. నామేశ్వరాలయపు చిత్రమును కాపాడినది రాయి. చంద్రపట్నమును కాపాడుచున్నది మనుష్యుడు. ఒక్క తరము మరచినచో దానిని త్రవ్వి తీయుటకు శిథిలములు సైతము మిగులవు.

గట్టును గూర్చి పెద్దలొక కథ చెప్పుదురు. స్వామి తొలుత ఉండ్రుగొండపై నుండెననియు, నిండుచూలాలగు నొక భక్తురాలు అంత యెత్తు నెక్కలేక కష్టపడగా, జాలిగొని తక్కువ యెత్తుగల యీ గట్టునకు వచ్చెననియు ఆ కథ. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై వాహనములలో సాగిపోవువారికి ఇవి రెండును రాతిగుట్టలే. కథ నెరిగిన తల్లికి ఒకటి దేవుడు విడిచిన కొండ, ఒకటి దేవుడు తనకొరకు దిగివచ్చిన గట్టు.

స్మృతికి పక్షపాతము కలదని కూడ మనము తెలిసికొనవలెను. కాటమరాజు కథ మనకు ప్రాణప్రదము. అనావృష్టి వలన కాటమరాజు ఆలమందలను నెల్లూరి సీమకు తోలుకొనిపోయి, నల్లసిద్ధికి పుల్లరిగా కోడెదూడల నిచ్చుటకు ఒడంబడెననియు, పిదప వైరము పుట్టి యుద్ధమయ్యెననియు మనవారు పాడుదురు. ఆ యుద్ధముననే నెల్లూరి పక్షమున ఖడ్గతిక్కన పోరెనందురు. చాటువులు చెప్పుకొనువారు ఖడ్గతిక్కనను తలతురు: ఓడివచ్చిన వానిని భార్యయు తల్లియు నెత్తిపొడువగా, మరల పోయి రణమున మడిసిన వీరుడని కొనియాడుదురు. పచ్చికకొరకు జరిగిన పోరు ఒక్కటే. సభలలో పండితులు చెప్పిన స్మృతి యొకటి, మందలవద్ద గాయకులు పాడిన స్మృతి యొకటి. ఒకరికి ముఖ్యము సేనాని పరువు; మనకు ముఖ్యము పశువుల మేత. రెండును కలిపి చదివినవానికి ఆ కాలము తెలియును. ఒకదానినే చదివినవానికి సగము తెలియును. చిరకాలము బడిపుస్తకములందు మొదటిదియే యుండెను. 1970వ దశకమున తంగిరాల వెంకటసుబ్బారావు గారు గాయకులవద్దనుండియు, తాళపత్రములనుండియు సేకరించిన కాటమరాజు కథలను ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించుటచే రెండవదియు అచ్చునకెక్కెను. మన కులమువాడు గాని పండితుడొకడు మనకథకై యింత శ్రమించెనని మరువరాదు.

మనకథను పాడి కాపాడినవారును మనము కాము. మందహెచ్చులవారు చెక్కబొమ్మలను నిలిపి, ఒక్కొక్క బొమ్మను చూపుచు, ఊరూర మన పెద్దల కథను మనకు వినిపించిరి. ఒగ్గువారు మల్లన్న కథను, ఎల్లమ్మ కథను నిలిపిరి. 2017లో దివంగతుడైన చుక్క సత్తయ్య గారివంటి ఒగ్గు కళాకారుల గాత్రము నేటికిని చెవులలో మ్రోగుచున్నది. అడుగవచ్చినవారని కొందరు వీరిని తక్కువగా చూచుట కలదు. వారు అడుగునది భిక్షము గాదు, హక్కు. మన స్మృతిని వారు మోసిరి. మోసినవారికి కూలి యీయనివాడు ఋణస్థుడు.

ఈ స్మృతికి నేడు వచ్చిన యాపద యెట్టిదో ఆలోచింతము. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు వచ్చెను. ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు వరిపొలములయ్యెను, బియ్యపు మరలు వెలసెను. ఇది మేలే, అన్నము దొరికినది. కాని మేతబీళ్లు పొలములు కాగా మందలు తగ్గెను. మన బాలురు బడులకును, మరలకును, పట్టణములకును పోయిరి. పుల్లరి యనిన నేమో, కోడెదూడను పన్నుగా నిచ్చుట యెట్టి కష్టమో ఎరుగని బాలుడు కాటమరాజు కథ విన్నను వానికి దుఃఖము కలుగదు. అనుభవము పోయినచోట స్మృతిని ప్రయత్నపూర్వకముగ నిలుపవలెను. జాతరలో ధ్వనియంత్రముల హోరు హెచ్చి గాయకుని కంఠము వినబడకున్నచో ఆ ప్రయత్నమునకు తావుండదు.

కావున ఈ సభకు మూడు మాటలు విన్నవింతును.

మొదటిది: పాటలను దిద్దకుడు. కథలలో మోటుమాటలు కలవనియు, వానిని సంస్కృతపదములతో శుద్ధిచేసి పురాణమువలె వ్రాయింపవలెననియు కొందరు సూచించుచున్నారు. సంస్కృతము చదివినవాడను గనుక ఈ మాట నేనే చెప్పవలెను: అట్లు చేయవలదు. ఆ మోటుమాటలందే దొడ్డి, దడి, పుల్లరి, కరవు కలవు. వానిని తీసివేసినచో మిగులునది ఎవరి కథయో తెలియదు. పాడినది పాడినట్లు, గాయకుని పేరుతో, ఊరిపేరుతో, తేదీతో వ్రాసి, ధ్వనిముద్రికలు చేసి సంఘగ్రంథాలయమున నుంచుడు.

రెండవది: సంఘము సొమ్ములో ప్రతియేట కొంత మందహెచ్చులవారికిని, ఒగ్గువారికిని, పట్నము వేయువారికిని నియతముగ నిండు, వారివద్ద నేర్చుకొను బాలురకు వేతనమిండు. మహాసభ జరుగు దినమున ఒక పూట వారి కథకు కేటాయింపుడు. ఉపన్యాసముల నడుమ తీరికవేళకై వారిని వాకిట నిలుపకుడు.

మూడవది: స్మృతిని చరిత్రయని భ్రమపడకుడు. శ్రీకృష్ణుని వంశమువారమని చెప్పుకొనుట మనకు గౌరవమే. అది మంచినడవడికి ప్రేరణ కావలెను గాని ఇతరులను తక్కువగా చూచుటకు సాధనము కారాదు. ప్రతి కులమునకును దాని పురాణము కలదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పు కూనపులివారు కలరు. మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారు కలరు. చేర్యాల నకాషీ చిత్రకారులు అందరి కథలకును ఒక్కచేతితోనే రంగులు వేసిరి. ఆ చిత్రకారుని దృష్టి మనకు నలవడిన యెడల కులసభలు కలహములకు గాక జ్ఞానమునకు స్థానములగును.

సోదరులారా! రాబోవు జాతరకు మీ పిల్లలను గట్టునకు తోడ్కొనిపొండు. చంద్రపట్నము వేయుచోట వారిని కూర్చుండబెట్టి, ఏ గీత యెందుకో, ఏ రంగు ఎవరికో గీయువానినే యడిగింపుడు. వారు నేడు చూచినది రేపు వారి సంస్కారమగును. ఆ సంస్కారము గల కన్నులు కొన్నియైనను మన ప్రాంతమున నిలిచిన యెడల, పట్నము చెరిగినను మరల వెలయును.