యాడీల శృతికి కట్టిన బేస్ గిటార్

(సంత్ సేవాలాల్ మహారాజ్ జయంతి సభలో కోహెడ ప్రాంత యువ కళాకారులు చేసిన ప్రసంగ పాఠం)



 మైకు ముందు ఒక్కరమే నిలబడ్డా ఇది మా ఏడుగురం కలిసి రాసుకున్న మాట. అందుకే మొదటి నుంచి చివరిదాకా ‘మేము’ అనే అంటాం. గోర్ బోలీలోనే మాట్లాడాలని ఉండె. కానీ సభలో కోయ, గోండు, ఎరుకల సోదరులు కూడా ఉన్నారు కాబట్టి తెలుగులో చెబుతున్నాం.

మన పాట గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పెద్ద పెద్ద మాటలు మాకు రావు. ఈ మధ్య మేం ఒక బేస్ గిటార్ కొన్నాం. ఎందుకు కొన్నాం, కొనేటప్పుడు ఏం చూశాం, కొన్నాక ఏం తిప్పలు పడ్డాం, దాన్ని మన పాటకు ఎట్లా సరిచేసుకున్నాం అన్నది చెప్తాం. వేరే తండాల పిల్లలు పైసలు పెట్టే ముందు ఇది వింటే మంచిదని మా ఆశ.

మాది కోహెడ చుట్టుపక్కల, హుస్నాబాద్ వైపు. 2016 అక్టోబర్ దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. మా ఏడుగురిలో నలుగురం అబ్బాయిలం, ముగ్గురం అమ్మాయిలం. కొందరం చదువుకుంటున్నాం, కొందరం వ్యవసాయం. మాకు నంగారా నేర్పింది మా తండా తాత. పాట నేర్పింది మా యాడీలు.

పెళ్లిళ్లలో ఏం జరుగుతున్నదో మీ అందరికీ తెలుసు. బరాత్‌కు డీజే బండి వస్తుంది. నంగారా, థాళీ పట్టుకొని వచ్చిన పెద్దమనుషులను వీడియో కోసం పది నిమిషాలు వాయించమంటారు. తర్వాత బాక్సులు మొదలవుతాయి. ఆ దరువు ఛాతీకి తగులుతుంటే నంగారా కొట్టేది కనబడుతుంది గానీ వినబడదు. ఒక పెళ్లిలో మా తాత కర్రలు సంచిలో పెట్టుకొని, అన్నం కూడా తినకుండా ఇంటికి వెళ్లిపోయాడు. ఆ రోజు మేం కూడా ఆ బాక్సుల ముందే ఎగురుతున్నాం. ఆ సంగతి దాచుకోలేం.

అప్పటి నుంచి మాలో మాకు చర్చ. పిల్లలకు ఆ కింది మోత కావాలి. అది మన పాటకే తోడైతే పిల్లలు మన పాటకే ఎగురుతారు కదా అనుకున్నాం. మొదట కీబోర్డు అద్దెకు తెచ్చాం, వాయించేందుకు బయటి నుంచి ఒకరిని పిలిచాం. అక్కడే దెబ్బతిన్నాం. ఆయన ‘స్కేల్ ఏంది’ అని అడిగాడు. యాడీలకు స్కేల్ అంటే ఏమి తెలుసు? వాళ్లకు ఆ రోజు గొంతు ఎక్కడ కుదిరితే అక్కడ ఎత్తుకుంటారు. ఆయన తనకు అలవాటైన స్కేల్ పెట్టి అందులోనే పాడమన్నాడు. పై స్వరాల దగ్గర గొంతులు చీలిపోయాయి. అందరికంటే బాగా పాడే యాడీ ఒకామె ‘నాకు పాట రాదట’ అని నవ్వి, మరుసటి వారం నుంచి రావడం మానేసింది. తీజ్ పాటలు మా తండాలో ఆమెకు వచ్చినన్ని ఇంకొకరికి రావు.

ఈ బాధ చెప్పుకుంటే, కరీంనగర్‌లో చర్చిలో బేస్ వాయించే ఒక అన్న మాకు కొత్త సంగతి చెప్పాడు. బేస్ గిటార్ పుట్టిందే ఇలాంటి ఇబ్బందిలో అట. అమెరికాలో చిన్న చిన్న డ్యాన్స్ బృందాలు మనిషంత ఎత్తున్న డబుల్ బేస్‌ను మోసుకుతిరిగేవి. డ్రమ్ముల మధ్య, కరెంటు గిటార్ల మధ్య దాని మోత వినబడేది కాదు. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్ 1951లో ‘ప్రెసిషన్ బేస్’ తెచ్చాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. కానీ వాయించేవాళ్ల కష్టం విన్నాడు. భుజానికి తగిలించుకునే కొయ్య, నాలుగు తీగలు, మెడ మీద మెట్లు, వెనకాల ఆంప్. వినబడని వాయిద్యాన్ని వినబడేట్టు చేయడానికే అది వచ్చిందని తెలిశాక మాకు ధైర్యం వచ్చింది.

తలా 4,000 జమ చేశాం, 28,000 అయ్యాయి. అంతా గిటార్‌కే పెట్టొద్దని అన్న గట్టిగా చెప్పాడు. బేస్‌లో అన్నిటికంటే కింది తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. ఫోన్ స్పీకరు ఆ మోతను పలికించలేదు. కాబట్టి ఫోన్‌లో వీడియో చూసి గిటార్ ఎంచుకోవద్దు. ఇంట్లో ఉన్న చిన్న స్పీకరుకు తగిలిస్తే అది చిరిగిపోవచ్చు కూడా. బేస్ కోసం చేసిన ఆంప్ ఉండాలి. మేం గిటార్‌కు 16,500, వాడిన ఆంప్‌కు 8,000, కేబుల్, బెల్టు, ట్యూనర్, బ్యాగుకు 2,300 పెట్టాం. మిగిలిన 1,200 బస్సు చార్జీలకు పోయాయి.

శనిగరం దగ్గర రాజీవ్ రహదారి మీద పొద్దున్నే బస్సెక్కి జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగాం. దుకాణంలో ఏం చూడాలో అన్న కాగితం మీద రాసిచ్చాడు. నాలుగు తీగలది చాలు, ఐదు తీగలది తర్వాత చూసుకోవచ్చు. తీగ పొడవు మామూలుగా 34 అంగుళాలు. చిన్న చేతుల వాళ్లకు 30 అంగుళాలది కూడా దొరుకుతుంది. మాలో బేస్ వాయించేది చెల్లెలు కాబట్టి రెండూ పట్టించి చూశాం. 34కే ఆమె చేయి అందింది, కింది తీగ కూడా బిగువుగా పలికింది. అదే తీసుకున్నాం. మెడను బాణంలా కంటికి ఎదురుగా పెట్టి వంకర ఉందేమో చూడాలి. ప్రతి తీగను ప్రతి మెట్టు మీద నొక్కి వినాలి. నాబ్‌లు తిప్పితే గరగర రాకూడదు. లోపల బ్యాటరీ ఉండే రకం యాక్టివ్, లేనిది పాసివ్. యాక్టివ్ అయితే వాయించాక కేబుల్ పీకకపోతే బ్యాటరీ అయిపోతుంది. తండాలో రాత్రిపూట తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఎక్కడ తేవాలి? అందుకని పాసివ్ తీసుకున్నాం.

దుకాణంలో చక్కగా పలికింది. ఇంటికొచ్చిన పది రోజులకు మొదటి నాలుగు మెట్ల మీద తీగ జిరజిరమనడం మొదలైంది. ఎండాకాలం, రేకుల ఇల్లు. మాలో ఇద్దరు ‘మోసం చేసిండ్రు, పోయి గల్లా పట్టి అడుగుదాం’ అని లేచారు. పక్కన మంచంలో కూర్చున్న నంగారా తాత అప్పుడు అడిగాడు: ‘వాన రోజు నంగారా మెత్తబడితే నేను ఎవరి గల్లా పట్టిన్రా? నిప్పు కాడ కాస్తి కదా. తోలుకు నిప్పు కావాలె. మీ కట్టెకు ఏం కావాల్నో అడిగి తెలుసుకోండ్రి.’

ఆ మాటతోనే మాకు విషయం అర్థమైంది. మళ్లీ కరీంనగర్ అన్న దగ్గరికి పోయాం. దుకాణం వాళ్ల తప్పేమీ లేదని తేలింది. ఎండకు, తేమకు కట్టె కదులుతుంది. కొత్త గిటార్‌ను మన ఊరి గాలికి కొన్నాళ్లు ఉంచి, ఆ తర్వాత సెటప్ చేసుకోవాలి. అన్న చేసిన వరుస చెప్తాం, రాసుకోండి. వరుస తప్పితే చేసిన పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

ముందు తీగలను శృతి చేయాలి. శృతిలో ఉన్నప్పుడే మెడ మీద అసలు బరువు పడుతుంది. రెండోది మెడ వంపు. తీగను మొదటి మెట్టు మీద ఒక చేత్తో, మెడ ఒంటిని కలిసే చోట ఇంకో చేత్తో నొక్కి, ఏడు ఎనిమిది మెట్ల దగ్గర తీగ కింద సందు చూడాలి. సుమారు 0.3 మిల్లీమీటర్లు, అంటే ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉండాలి. మాదానికి సందే లేదు, జిరజిర అందుకే. మెడ లోపల ట్రస్ రాడ్ అని ఇనుప కడ్డీ ఉంటుంది. అన్న దాన్ని పావు చుట్టు మాత్రమే వదులు చేసి, తెల్లారిందాకా ఆగమన్నాడు. బలం పెట్టి తిప్పితే కడ్డీ తెగుతుంది, మెడ పాడవుతుంది. చేతకాకపోతే అది తెలిసినవాళ్లకే వదిలేయాలి.

మూడోది తీగ ఎత్తు. 12వ మెట్టు దగ్గర లావు తీగ కింద రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ కింద రెండు ఉంచాడు. ఎత్తు ఎక్కువైతే వేళ్లు నొస్తాయి, తక్కువైతే తీగ మెట్లకు తగులుతుంది. నాలుగోది, 12వ మెట్టు మీద నొక్కిన స్వరం ఖాళీ తీగకు సరిగ్గా పై స్థాయిలో పలుకుతుందా అని ట్యూనర్‌తో చూడడం. ఎక్కువ పలికితే బ్రిడ్జి మీది శాడిల్‌ను వెనక్కి జరపాలి, తక్కువ పలికితే ముందుకు. చివరిది పికప్ ఎత్తు. నాలుగు తీగలూ ఒకే గట్టిగా వినబడేదాకా స్క్రూలు సరిచేయాలి.

గిటార్ బాగైంది. కానీ అసలు సెటప్ తండాలో మిగిలే ఉంది. రావడం మానేసిన యాడీ ఇంటికి మా చెల్లెలు ఒక్కతే పోయింది. ‘యాడీ, నువ్వు పాడు. ఈసారి నిన్ను ఏ స్కేల్‌లోనూ పాడమనం, మేమే నీ వెనక వస్తాం’ అన్నది. ఆమె వంట చేస్తూనే ఒక పాట ఎత్తుకుంది. చెల్లెలు ట్యూనర్ పెట్టి చూస్తే ఆ ఆధార స్వరం డి కంటే కొంచెం పైన, డి షార్ప్‌కు చాలా కింద ఉంది. కీబోర్డు ఆయన దాన్నే ‘అపశృతి’ అన్నాడు. ట్యూనర్‌లో మామూలుగా 440 అని ఉంటుంది. దాన్ని 446 చేసి నాలుగు తీగలనూ ఆ లెక్కకు బిగించాం. బేస్ రెండో తీగ డి, మూడో తీగ ఏ. అంటే ఖాళీ తీగలే ఆమెకు సా, పా అయ్యాయి. ఆ రెంటినే నెమ్మదిగా మీటుతుంటే ఆమె గరిటె పక్కన పెట్టి ఇటు తిరిగింది. ‘ఇది నా గొంతు కిందనే ఉన్నది’ అన్నది. మెట్లున్నా సరే, నాలుగు కీలు తిప్పితే ఆ వాయిద్యమంతా మనిషి గొంతు దగ్గరికి వస్తుందని మాకు ఆ రోజు తెలిసింది.

నంగారాతో ఇంకో తగాదా వచ్చింది. రెండూ కింది మోతలే. కలిసి మోగితే ఏది ఏదో తెలియని బురద అవుతున్నది. బ్రిడ్జి దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క పెట్టి బేస్ మోతను పొట్టిగా చేశాం. తాత పెద్ద దెబ్బ వేసిన చోట బేస్ ఆగుతుంది, ఆయన వదిలిన సందులో పలుకుతుంది. మైకు ముందుగా నంగారాకు పెడతాం, దాని తర్వాతే ఆంప్ గొంతు పెంచుతాం.

పెద్దలతో కూర్చొని మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. శృతి యాడీలదే. నంగారా లేని చోట బేస్ వాయించం. ఢావ్లోకు గిటార్ ముట్టం. పెళ్లికూతురు యాడీ బాపులను పట్టుకొని ఏడుస్తూ పాడే పాట అది. దానికి తోడు వాయించడానికి మేమెవరం? ఈ మూడో మాట చెప్పింది మా తాత కాదు, మా చెల్లెలు.

అందరూ ఒప్పుకున్నారని చెప్పం. ‘కరెంటు పోతే మీ పాట కూడా పోతదా’ అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి మా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: మాతో బేస్ నేర్చుకుంటామని వచ్చేవాళ్లు ముందు ఆరు నెలలు తాత దగ్గర నంగారా నేర్చుకోవాలి.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాం. గుస్సాడీ నృత్యానికి కనకరాజు గారికి 2021లో, కోయ డోలి కళకు సకిని రామచంద్రయ్య గారికి, 12 మెట్ల కిన్నెరకు మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీలు వచ్చాయి. మనమంతా సంబరపడ్డాం. కనకరాజు గారు, రామచంద్రయ్య గారు ఇద్దరూ 2024లోనే మనల్ని విడిచి వెళ్లారు. వాళ్ల దగ్గర కూర్చొని నేర్చుకునే అవకాశం ఇక లేదు. మా తాతకు ఏ పురస్కారమూ లేదు, కానీ ఆయన ఉన్నాడు. తీజ్ పాటల యాడీ ఉంది. మీ తండాల్లో, గూడేల్లో కూడా అట్లాంటివాళ్లు ఉన్నారు. గిటార్ కొనడానికి పైసలు జమ చేసే ముందు వాళ్ల ఇంటికి పోయి ఒక పూట కూర్చోండి. గొంతు ఎక్కడ ఉందో వినండి. ఆ తర్వాతే హైదరాబాద్ బస్సెక్కండి.

మా యాడీ ఈ రోజు సభకు వచ్చింది, వెనక వరుసలో ఉంది. మధ్యాహ్నం మా వంతు వచ్చినప్పుడు ఆమె ఎక్కడ ఎత్తుకుంటుందో మాకు కూడా ఇంకా తెలియదు. అందుకే ముందే తీగలు బిగించి పెట్టలేదు. పాట మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు కీలు తిప్పుకుంటాం, ఓపిక పట్టండి.

సెలవు. జై సేవాలాల్.