నడుము పడిన కుక్కకు పరిచర్య
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



పాడిపశువులను గూర్చియు, త్రాగునీటిని గూర్చియు మీరు ఎన్నో ప్రసంగములు వినియుందురు. నేడు నేనొక కుక్కను గూర్చి ముచ్చటింపదలచితిని. ఇది అల్ప విషయమని కొందరికి తోచవచ్చును. కాని ఒక మూగజీవి ప్రాణమును, దానిని పెంచుకొనిన కుటుంబము మనశ్శాంతియు, గ్రామ ప్రజల ఆరోగ్యమును ఇందు ఇమిడియున్నవి.

గత వర్షాకాలమున ప్రచార కార్యక్రమమునకై నేనొక గ్రామమునకు పోయియుంటిని. అచ్చట విశ్రాంత ఉపాధ్యాయులొకరు డాష్‌హండ్ జాతి కుక్కను పెంచుచుండిరి. పొడవైన నడుము, పొట్టి కాళ్లు గల జాతి యది. ఒకనాటి ఉదయము అది ఎత్తైన అరుగు మీదినుండి దూకి, కుయ్యోమని అరచి, వెనుక కాళ్లు ఈడ్చుకొనుచు వీథిలోనికి వచ్చెను. ఎత్తబోయిన యజమానినే కరవబోయెను. అంతలో పిచ్చి పట్టినదని ఎవరో కేకవేసిరి. ఇద్దరు యువకులు కర్రలు తెచ్చిరి. ఆ వార్డు సభ్యురాలు అడ్డువచ్చి, "ఆగండి నాయనా! దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు, కొట్టవద్దు. ముందు డాక్టరుగారికి చూపిద్దాం" అనిరి. ఆమె ఆ మాట అనకున్నచో ఆ కుక్క ఆనాడే చచ్చియుండెడిది.

పశువైద్యుడు వచ్చి, వెర్రికుక్క వ్యాధి టీకా వేయించిన చీటీని చూచి, కుక్కను పరీక్షించి, దానికి పిచ్చి లేదనియు, వెన్నెముకలోని డిస్క్ జారినదనియు తేల్చిరి.

వ్యాధి స్వభావము

వెన్నుపూసలు ఒకదానిపై నొకటి ఒరసికొనకుండ, వాని నడుమ మెత్తని బిళ్లలు కలవు. వీనినే డిస్కులందురు. ఒక్కొక్క బిళ్ల తాటిముంజ వంటిది: పైన గట్టి పొర, లోపల మెత్తని గుజ్జు. డాష్‌హండ్ వంటి పొట్టికాళ్ల జాతులలో ఈ గుజ్జు చిన్న వయస్సుననే తడియారి సున్నమువలె గట్టిపడును. అట్టి స్థితిలో, సాధారణముగా మూడు మొదలు ఏడేండ్ల వయస్సున, ఒక్క దూకుతో పైపొర చిట్లి లోపలి పదార్థము వెలికివచ్చి వెన్నుపామును నొక్కును. ప్రక్కటెముకలు ముగిసి నడుము ఆరంభమగు తావున ఇది అధికముగా సంభవించును. వీపు వంచి నిలుచుట, ఎత్తిన అరచుట, మెట్లెక్కక పోవుట, వెనుక పాదములు నేలకు రాచుకొనుట దీని తొలి గుర్తులు. ముదిరినచో వెనుక కాళ్లు పడిపోవును. మూత్రము అదుపు తప్పును.

వెర్రికుక్క వ్యాధియా, కాదా?

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. కాళ్లు పడిన ప్రతి కుక్కయు పిచ్చిది కాదు. అయినను, వెర్రికుక్క వ్యాధిలో మ్రింగుడుపడక, దవడ వ్రేలాడి, చొంగ కారుచు, కాళ్లు పడిపోవు రూపము ఒకటి కలదు. గొంతులో ఎముక అడ్డుపడినదని తలచి నోట చేయి పెట్టువారు ప్రాణాపాయము కొనితెచ్చుకొందురు. కావున కారణము తెలియువరకు కుక్కను ఒంటరిగా నుంచి, వైద్యునికి తెలుపవలెను. కరచినను, గాయముపై చొంగ పడినను, పదునైదు నిమిషములపాటు సబ్బుతోను, పారు నీటితోను కడిగి, ఆనాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా వేయించుకొనవలెను. కరచిన కుక్కను చంపివేయక, పది దినములు కనిపెట్టి చూచుట ముఖ్యము.

తొలి గంటలలో

నడుము జారిన కుక్కను చంకలనుబట్టి ఎత్తరాదు. వెడల్పైన పలకపై మెల్లగా జరిపి, గుడ్డతో వదులుగా కట్టి తీసికొనిపోవలెను. బాధలో నున్నది పెంచిన చేతినైనను కరవగలదు, జాగ్రత్త అవసరము. వైద్యుడు కాలివ్రేళ్లను గట్టిగా నొక్కి చూచును. కుక్క తల త్రిప్పి చూచినను, అరచినను స్పర్శజ్ఞానము మిగిలియున్నదన్నమాట. అట్టివానిలో అధిక సంఖ్యాకములు తగిన చికిత్సతో తిరిగి నడచును. లోతైన నొప్పి కూడ తెలియనిచో, శస్త్రచికిత్స చేసినను ఇంచుమించు సగము మాత్రమే కోలుకొనును. అట్టి స్థితిలో ఒక్క దినము కూడ ఆలస్యము చేయరాదు.

మన ఇంటిలోని నొప్పి మాత్రలు కుక్కకు ఇచ్చుట ప్రమాదము. కొన్ని కడుపులో పుండ్లు పుట్టించును. నడుముపై వాతలు పెట్టుట, నూనె రాచి కాళ్లు గుంజుట వంటి నాటు పద్ధతులు మిగిలిన నరమును కూడ చెరుచును.

విశ్రాంతియే పెద్ద మందు

ఉపాధ్యాయులవారికి వైద్యుడు శస్త్రచికిత్స మేలనియు, దూరము తీసికొనిపోవు వీలు లేనిచో, స్పర్శ యున్నది కావున, మందులతోను విశ్రాంతితోను ప్రయత్నింపవచ్చుననియు చెప్పిరి. వారు రెండవ మార్గమును ఎన్నుకొనిరి. పశువుల పాకలో ఒక మూలను పలకలతో మూసి, కుక్క లేచి నిలుచుటకు, తిరిగి పండుకొనుటకు మాత్రము చాలినంత చోటు చేసిరి. కనీసము నాలుగు వారములు అది అందే యుండవలెను. మలమూత్రములకై మాత్రము, కడుపు క్రింద తువ్వాలు వేసి నడుమును మోయుచు, కొలది నిమిషములు వెలుపలకు తేవలెను. మెడపట్టెకు బదులు ఛాతీపట్టె వాడవలెను.

రెండవ వారమునకు నొప్పి తగ్గి కుక్క గంతులు వేయజూచెను. ఇంటి పిల్లలు జాలిపడి వదలుమని ఏడ్చిరి. ఈ ఘట్టముననే పెక్కుమంది పొరపడుదురు. నొప్పి తగ్గినంత మాత్రమున చిట్లిన పొర మానినట్లు కాదు. ఒక్క దూకుతో చేసినదంతయు వ్యర్థమగును.

పడక పొడిగా నుండవలెను. గడ్డిపై గోనెపట్టా పరచి, దానిపై ఉతికిన గుడ్డ వేయవలెను. లేవలేని కుక్కను నాలుగైదు గంటల కొకసారి ప్రక్క మార్చనిచో తుంటి యెముకలపై పుండ్లు పడును. వానిపై ఈగలు వ్రాలి పురుగులు పట్టును. తడిసిన చర్మమును వెంటనే కడిగి ఆరబెట్టవలెను. మూత్రము చుక్కలుగా కారుచున్నంత మాత్రమున మూత్రాశయము ఖాళీ యగుచున్నదని తలపరాదు. వైద్యుడు నేర్పిన రీతిగా దినమునకు మూడు నాలుగు మారులు మెల్లగా నొక్కి ఖాళీ చేయవలెను. దుర్వాసన గాని, రక్తము గాని కనబడినచో వైద్యునికి తెలుపవలెను. బరువు పెరిగిన నడుముకే భారము. కావున మేత మితముగా పెట్టి, నీరు ఎల్లప్పుడు అందుబాటున నుంచవలెను.

వైద్యుడు అనుమతించిన పిమ్మట కాళ్లను మెల్లగా ముడిచి చాచుట, తువ్వాలు ఆధారముతో నిలువబెట్టుట, నునుపు గచ్చుపై గాక మట్టి నేలపై నడిపించుట క్రమముగా సాగింపవలెను. అప్పటికిని కాళ్లు రానిచో, వెనుక చక్రములు గల చిన్న బండిని స్థానిక వడ్రంగి చేతనే చేయించి కొన్ని కుక్కలను తిరుగునట్లు చేయవచ్చును. బాధ తీరునది కాదని వైద్యుడే తేల్చిన యెడల, ఆయన చేతి సూదిమందుతో నొప్పి లేని మరణము కలిగించవలెను. కర్రయు, విషమును కూడదు.

మీ బాధ్యత

1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము జంతువును కొట్టి హింసించుటయే గాక, తగిన కారణము లేక ఆకలిదప్పులకు వదలివేయుటయు నేరము. కాళ్లు పడినదని ఊరి వెలుపల విడిచివచ్చువారికి ఈ సంగతి మీరే తెలుపవలెను. సమీప పశువైద్యశాల సంఖ్యను, సంచార పశువైద్య సేవ సంఖ్యయగు 1962ను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. ఏటేట జూలై 6వ తేదీన జరుపు ఉచిత టీకా శిబిరమునకు ఊరి కుక్కలనన్నింటిని తెప్పింపుడు. ఎవరి కుక్కకు టీకా వేసినదియు ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. ఆనాడు ఉపాధ్యాయులవారి ఇంట దొరికిన ఆ చిన్న చీటీయే వైద్యుని సందేహమును, గ్రామస్థుల భయమును సగము తీర్చినది.

మూడు మాసముల పిమ్మట నేను మరల ఆ గ్రామమునకు పోయితిని. కుక్క వెనుక భాగము కొంచెము ఊగుచు నడచుచున్నది. అరుగునకు ప్రక్కగా ఏటవాలు పలక వేసియున్నది. కర్ర తెచ్చిన యువకులలో నొకడే దానిని వేసినాడని ఉపాధ్యాయులవారు చెప్పిరి. కర్ర ఎత్తిన చేతులే పలక వేయునట్లు చేయుటకు ఆనాడు ఒక్క సభ్యురాలి మాట చాలినది. మీ మీ గ్రామములందు అట్టి మాట చెప్పు బాధ్యత మీదేయని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాను.