స్నానపు నీటి బాయిలరు – కిలో కట్టెకు ఎన్ని బకెట్లు?



నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము పంటను గూర్చినది కాదు, పెరటిని గూర్చినది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకము, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకము వచ్చిన తరువాత గ్యాసు పొయ్యి చాల పల్లె ఇండ్లకు చేరినది. కాని స్నానపు నీళ్ళ మాట వచ్చుసరికి గ్యాసు ఖర్చుకు వెనుదీసి, పెరటిలో మూడు రాళ్ళు పెట్టి, గంగాళము ఎక్కించి, కట్టెలు ఎగదోయు ఇండ్లు నేటికిని అనేకము. మరికొందరు బాయిలరు కొనుచున్నారు. కొనునపుడు అంగడిలో మనము అడుగు ప్రశ్నలు రెండే: ఎన్ని లీటర్లది? రాగి ఎంత బరువున్నది? అడుగవలసిన ప్రశ్న మూడవది ఒకటి కలదు. కిలో కట్టెకు ఎన్ని బకెట్ల వేడినీరు ఇచ్చును? ఈ ఒక్క ప్రశ్నను పట్టుకొని పోయినచో మిగిలిన సంగతులన్నియు వాటంతట అవే తెలియును.

చలి దేశములలో కట్టెల బాయిలరు వేడిచేసిన నీటిని గొట్టముల ద్వారా గదులన్నిటికి పంపి ఇల్లంతయు వెచ్చజేయుదురు. మనకు అంత అవసరము లేదు. లంబసింగి, అరకు, ఆదిలాబాదు వంటి చలి ప్రాంతములలో సైతము మనకు కావలసినది తెల్లవారుజామున స్నానమునకు నాలుగు బకెట్ల వేడినీరు. కనుక మన బాయిలరు చిన్నదిగాను, తేలికగా శుభ్రపరచుకొనుటకు వీలైనదిగాను ఉండవలెను.

లెక్క

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలో కెలోరీ వేడిమి కావలెను. చలికాలమున తొట్టిలోని నీరు సుమారు 22 డిగ్రీలు ఉన్నదనుకొందము. స్నానమునకు 40 డిగ్రీలు చాలును. అనగా లీటరుకు 18 కిలో కెలోరీలు. ఇంటిలో ఐదుగురు, ఒక్కొక్కరికి 20 లీటర్లు అనుకొన్నచో 100 లీటర్లకు 1,800 కిలో కెలోరీలు.

బాగుగా ఎండిన కట్టె కిలోకు సుమారు 3,400 కిలో కెలోరీలు ఇచ్చును. ఆ వేడి అంతయు నీటికి చేరినచో అరకిలో కట్టెతో ఐదుగురి స్నానములు ముగియవలెను. కాని చేరదు. మూడు రాళ్ళ పొయ్యిలో నూటికి 10 నుండి 15 పాళ్ళు మాత్రమే నీటికి అందును. తక్కినది గాలికి పోవును. ఈ లెక్కన పై నీటికి నాలుగు కిలోలకు పైగా కట్టె కావలెను. నిప్పు చుట్టు నీరు ఉండునట్లు అమర్చిన బాయిలరులో నూటికి 40 పాళ్ళు నీటికి అందినదనుకొన్నచో సుమారు కిలోంబావు కట్టె చాలును. రోజుకు మూడు కిలోల చొప్పున, నూరు రోజుల చలికాలములో మూడు క్వింటాళ్ళ కట్టె మిగులును. ఆ కట్టె కొట్టి, మోసి, చీల్చు చేతులెవ్వరివో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

బాయిలరు లోపల ఎట్లుండవలెను?

మన ప్రాంతమున వాడుకలో ఉన్న రాగి బాయిలరును ఒకసారి దగ్గరగా చూడుడు. నడుమ నిలువు గొట్టములో నిప్పు. దాని చుట్టు నీరు. అడుగున ఇనుప కడ్డీల జల్లెడ; దాని క్రింద బూడిద పడు చోటు. పైనున్న గరాటులో చన్నీరు పోసినచో అది అడుగునకు దిగి, పైనున్న వేడినీటిని ప్రక్క గొట్టము గుండ బయటికి నెట్టును. చన్నీరు పోసినకొలది వేడినీరు వచ్చుచుండును గనుక 100 లీటర్ల స్నానములకు 100 లీటర్ల బాయిలరు అక్కరలేదు. 75 డిగ్రీలకు కాగిన నీరు 35 లీటర్లున్నచో చన్నీటితో కలిపి ఐదుగురికి సరిపోవును. ఇంకను చిన్న బాయిలరైనను నడుమ మరి రెండు కట్టెలు వేసి పని జరుపుకొనవచ్చును. పెద్దది కొన్నవారు ఒక్క మనిషి స్నానమునకు కూడ నీరంతయు కాచుకొనవలసివచ్చును.

కొనునపుడు ఈ నాలుగు సంగతులు గమనింపవలెను.

1. జల్లెడ క్రింద గాలి చొరబడుటకు తగిన ఎడము ఉండవలెను. బూడిదను తీయుటకు చేయి పట్టవలెను. గాలి అందని నిప్పు పొగను కక్కునే గాని వేడినీయదు.

2. నిప్పు గొట్టములో మసిని గీకుటకు వీలుండవలెను. మసి వేడిని అడ్డగించును. రాగి పలుచనిదా, మందమైనదా అను దానికంటె గొట్టము శుభ్రముగా ఉన్నదా లేదా అనునది కట్టె ఖర్చును ఎక్కువగా మార్చును. రాగి తుప్పు పట్టదు, చిరకాలము నిలుచును, పాతబడినను ధర పలుకును. రాగి వలన లాభము ఇదియే. ఇనుప బాయిలరులో కట్టె ఖర్చు రాగిదానికంటె పెద్దగా ఎక్కువ కాదు. కాని తుప్పు వలన త్వరగా చెడును.

3. నీరున్న అరను లోపలినుండి కడుగుటకు మార్గముండవలెను. ఉప్పునీటి బావులున్న ఊళ్ళలో సున్నపు పొలుసు లోన పేరుకొని, నీరు కాగుటకు ఆలస్యమగును.

4. పైన ఆవిరి పోవు దారి ఎల్లప్పుడు తెరచి ఉండవలెను. కొందరు సౌకర్యమునకని ప్రక్క గొట్టమునకు కుళాయి బిగించి, పై గరాటును మూతతో బిగింతురు. ఇది ప్రాణాపాయము. దారి లేని ఆవిరి బాయిలరును పగులగొట్టును. కుళాయి కావలెనన్నచో పైదారి మూయబడని బాయిలరునే కొనుడు.

నీరు పోయక ముందు నిప్పు వేయరాదు. అట్లు వేసినచో అతుకులు కరగి కారుట మొదలిడును. పొగగొట్టమున్న బాయిలరు దొరికినచో మరియు మంచిది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టర్ ఎస్. పి. రాజు గారు పొగలేని వంటిండ్లను గూర్చి 1953లోనే ఒక పుస్తకము ప్రకటించిరి. పొగను గొట్టము ద్వారా ఇంటి బయటికి పంపవలెనను ఆనాటి మాట నేడు పెరటి పొయ్యికిని వర్తించును.

పచ్చికట్టె చేయు మోసము

మా నాయనగారు సేద్యగాడు. నా చిన్నతనమున పట్టణమునుండి నిగనిగలాడు పెద్ద రాగి బాయిలరు తెచ్చిరి. అంతకు వారము ముందే గట్టుమీది నల్లతుమ్మను కొట్టించి యుండిరి. ఆ పచ్చికట్టెనే బాయిలరులో వేసితిమి. కట్టె చివర నురుగు కక్కుచు చిటచిటలాడినది, పొగ వచ్చినది, నీరు మాత్రము కాగలేదు. మా అమ్మ కండ్లు తుడుచుకొనుచు ఊదుచుండగా, నాయనగారు బాయిలరు అమ్మినవానిని తిట్టిరి. తప్పు వానిది కాదు. కట్టెది కూడ కాదు. తొందరపాటు మాది.

అప్పుడే నరికిన కట్టె బరువులో సగము వరకు నీరే ఉండవచ్చును. ఆ నీటిని ఆవిరిగా మార్చుటకే ఎంతో వేడి ఖర్చగును. అట్టి కట్టె కిలోకు దక్కు వేడి సుమారు 1,900 కిలో కెలోరీలు. ఎండిన దానిలో ఇంచుమించు సగము. పచ్చికట్టె పొగలోని తారు వంటి జిగురు గొట్టమునకు పట్టుకొని మరింత చెరుపు చేయును. కనుక బాయిలరు కొనదలచినవారు ముందు కట్టెల పాక వేయవలెను.

మాఘ ఫాల్గుణములలో కట్టె కొట్టి, మణికట్టు లావున చీల్చి, నేలకు తగులకుండ రెండు దుంగలపై గాలి ఆడునట్లు పేర్చుడు. ఎండకాలమంతయు ఆరనిండు. తొలకరికి ముందే పైన కప్పు వేయుడు, ప్రక్కలు మూయకుడు. ఒక కట్టెకు గుర్తుపెట్టి వారమున కొకసారి తూచుడు. బరువు తగ్గుట ఆగినప్పుడు కట్టె ఎండినదని తెలిసికొనవచ్చును. ఎండిన రెండు కట్టెలను తాకించినచో ఖంగుమని మ్రోగును.

ఏ కట్టె మంచిది? ఎండిన తరువాత కిలో లెక్కన చూచినచో కట్టెలన్నిటి వేడిమి ఇంచుమించు సమానమే. సరుగుడు, నల్లతుమ్మ, సర్కారు తుమ్మ బరువైనవి. నెమ్మదిగా కాలి నిప్పు నిలుపును. కందికట్టె, మిరపకట్టె, కొబ్బరిమట్ట త్వరగా మండి ఆరిపోవును, రాజవేయుటకు తగును. గన్నేరు విషపుచెట్టు గనుక దాని కొమ్మలు వేయరాదు. రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్కు, పురుగుమందుల డబ్బాలు ఎన్నడును వేయరాదు.

పత్తి పండించు సోదరులకు ఒక హెచ్చరిక. పత్తికట్టెను ఇంటివద్దనో చేనిగట్టుననో కుప్పవేసి ఏడాది పొడుగున కాల్చుకొనుట అలవాటు. ఆ కట్టెపై మిగిలిన గుడ్డికాయలలో గులాబిరంగు కాయతొలుచు పురుగు దాగి, మరుసటి పంటపై పడును. కట్టెను ముక్కలు చేసి చేనిలోనే కలియదున్నుట మేలు. వంటచెరకుగా వాడక తప్పదన్నచో, కాయలన్నిటిని ఏరి తగులబెట్టి, తొలకరికి ముందే కట్టెను వాడివేయుడు. ఒక మోపు కట్టె కొరకు ఒక పంటను పణము పెట్టరాదు. పిడకలను గూర్చి కూడ ఇదే మాట. పేడను కాల్చినచో అందలి నత్రజని గాలి పాలగును. పేడకు తగిన చోటు ఎరువు గుంట.

బాయిలరు ఎక్కడ పెట్టవలెను?

ఈ ఒక్క మాటను మరువవద్దని ప్రార్థన. మా ఇంటిలోనే ఒక వానాకాలమున, పెరడు తడిసియున్నదని, పొగ తగ్గి నిప్పులు మాత్రము మిగిలిన బాయిలరును స్నానాలగదిలోనికి జరిపిరి. మా మేనత్త తలుపు మూసుకొని స్నానమునకు పోయినది. ఎంత సేపటికిని అలికిడి లేదు. తలుపు బ్రద్దలుకొట్టి చూడగా ఆమె నేలపై స్పృహ తప్పి పడియున్నది. బయటికి మోసి గాలి తగులనిచ్చి, ఆసుపత్రికి తీసికొనిపోగా బ్రతికినది. ఆనాడు దిష్టి తగిలినదని కొందరు, తల తిరిగినదని కొందరు అనిరి. చదువుకొన్న తరువాతనే దాని పేరు నాకు తెలిసినది. మూసిన గదిలో నిప్పుకు గాలి చాలనపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడకున్నంత మాత్రమున అపాయము లేదనుకొనరాదు. ఎఱ్ఱని నిప్పులలోనే ఇది మెండు.

కావున బాయిలరు పెరటిలోనే, మూడు ప్రక్కల తెరపి ఉన్న చిన్న చూరు క్రింద ఉండవలెను. గదిలోనికి నీరు రావలెను గాని నిప్పు రాకూడదు. పసిపిల్లలు తగులకుండ చుట్టు నాలుగు ఇటుకల వరుస పెట్టుడు. కట్టెల పాకకు, గడ్డివామికి దూరముగా ఉంచుడు.

బూడిద, సూర్యరశ్మి

కట్టె బూడిదలో పొటాషు, సున్నము ఉన్నవి. దానిని పెంటపోగు పాలు చేయక ఎరువు గుంటలో పలుచగా చల్లుడు, కూరపాదులకు వేయుడు. చవుడు నేలలకు వేయరాదు. యూరియాతోగాని, అమ్మోనియం సల్ఫేటుతోగాని కలిపి వేసినచో నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోవును.

పైకప్పున ఎండ బాగుగా పడు ఇంటివారు, శక్తి ఉన్నచో, సూర్యరశ్మితో నీరు కాచు పరికరమును గూర్చి కూడ ఆలోచింపవచ్చును. చలికాలపు నిర్మలమైన ఎండ మనకు కొదువ లేదు. ముసురు పట్టిన రోజులకు బాయిలరు తోడుండును.

మీరే పరీక్షించుడు

బాయిలరు కొనక ముందు ఊరిలో అట్టిది ఉన్న ఇంటికి పోయి ఈ పరీక్ష చేయుడు. చీల్చిన ఎండుకట్టె సరిగ్గా ఒక కిలో తూచుడు. బాయిలరు నింపి ఆ కట్టెను మాత్రమే కాల్చుడు. వచ్చిన వేడినీటిని చన్నీటితో కలిపి, స్నానమునకు తగిన వెచ్చదనమున 15 లీటర్ల బకెట్లు ఎన్ని నిండినవో లెక్కించుడు. నాలుగైదు బకెట్లు వచ్చినచో ఆ బాయిలరు మంచిది. మూడు వచ్చినచో మసి, పొలుసు గీకించి మరల చూడుడు. రెండుకు మించనిచో మీ పెరటిలోని మూడు రాళ్ళు దానికంటె ఎక్కువ తీసిపోలేదు. ఆ ధనమును మరి దేనికైనను వినియోగించుకొనుడు.

ఈ వేసవిలో కట్టె ఆరబెట్టుడు. కార్తీకమునకు బాయిలరు ఎన్నుకొనుడు. ఈ వరుస తప్పనిచో మీ ఇల్లాండ్ర కండ్లకు పొగ తగ్గును, మీ గట్టున నాలుగు చెట్లు మిగులును.