పెరటి కొలనులో కోయి చేపలు

పెరటిలో నాలుగు గజాల ఖాళీ స్థలం ఉన్నప్పుడు దానిని చూచి ఊరుకోవడం గృహస్థునికి కష్టం. కొందరు కూరపాదులు పెట్టుకుంటారు. కొందరు పూలమొక్కలు వేసుకుంటారు. హైదరాబాదులోని మా యింటి పెరటిలో మేము ఒక చిన్న కొలను కట్టించి, అందులో కోయి అనే రంగుచేపలను పెంచుతున్నాము. ఈ విద్యలో ఆరితేరినామని చెప్పుకొనడానికి కాదు ఈ ప్రసంగం. మొదటి పర్యాయం మేము తెచ్చిన అయిదు చేపలూ రెండు వారాలలో చనిపోయినవి. అవి ఎందుకు చనిపోయినవో తరువాత తెలుసుకున్నాము. కొలను కట్టుకోవాలనే ఉత్సాహం ఉన్న శ్రోతలకు ఆ సంగతి ముందుగానే చెప్పడం మంచిదని తోచింది.

కోయి మనకు బొత్తిగా పరాయి చేప కాదు. మన మత్స్యకారులు బంగారుతీగ అని పిలిచే చేప ఉన్నది గదా, కోయి దాని చుట్టమే. బంగారుతీగ కూడ బయటినుంచి వచ్చినదే. 1939లో సింహళం నుంచి నీలగిరికి తెచ్చినారు. ఇక కోయి పుట్టినిల్లు జపాను దేశంలోని నీగాటా ప్రాంతం. చలికాలమంతా మంచు కప్పి ఉండే ఆ కొండపల్లెలలో రైతులు ఆహారంకోసం చెరువులలో ఈ జాతి చేపలను పెంచేవారు. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలో వాటి నడుమ ఎరుపు, తెలుపు రంగులు గలవి కొన్ని కనిపించినవి. రైతులు వాటిని వండుకోక వేరుచేసి, తరతరాలుగా ఏరి, జతకూర్చి, ఈనాటి వన్నెలను సాధించినారు. 1914లో టోక్యోలో జరిగిన ప్రదర్శనకు వెళ్ళిన తరువాతనే వీటి పేరు దేశమంతటా వ్యాపించింది. జపానువారు వీటిని నిషికిగోయి అంటారు. నిషికి అనగా జరీపట్టు. తెల్లని ఒంటిమీద ఎర్రని మచ్చలుంటే కోహాకు, వాటికి నల్లని మచ్చలు తోడైతే సాంకే అని వ్యవహరిస్తారు. 2004 అక్టోబరులో ఆ కొండపల్లెలలో పెద్ద భూకంపం వచ్చి చెరువులు పాడై చేపలెన్నో నశించినవి. మిగిలినవాటిలో కొన్నింటిని హెలికాప్టర్లలో తరలించి కాపాడుకున్నారు. అక్కడివారికి వీటిమీద ఉన్న మమకారం అటువంటిది.

ఇంతటి చరిత్ర గల చేపను మేము ఎంత తొందరగా పోగొట్టుకున్నామో ఇప్పుడు చెప్పవలె. మూడేళ్ళ క్రితం వేసవి సెలవులలో గొయ్యి త్రవ్వించి, ఇటుకలతో కట్టించి, సిమెంటు పూత పూయించినాము. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. సుమారు 6,800 లీటర్ల నీరు పడుతుంది. పూత ఆరగానే కుళాయినీటితో నింపినాము. కుళాయినీటిలోని క్లోరిన్ చేపలకు విషమని విన్నందున రెండు దినాలు నీటిని కదపకుండా ఉంచినాము. అంతకుమించి మాకు తెలియదు. మూడవనాడు నీరు అద్దంవలె మెరుస్తూ ఉన్నది. మా చిన్నమ్మాయి తొందరపెట్టగా ఆ సాయంత్రమే అయిదు చేపలను తెచ్చి విడిచినాము. ఆమె ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టింది. ఇంట్లో ప్రతివారూ ఆ ప్రక్కకు వెళ్ళినప్పుడల్లా పిడికెడు మేత వేసినారు.

వారం గడవకముందే చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరవసాగినవి. మొప్పలు ఎర్రబారినవి. రెండవ వారాంతానికి ఒక్కటీ మిగలలేదు. “నీళ్ళు ఇంత తేటగా ఉన్నాయి గదా నాన్నా, ఎందుకు చచ్చిపోయాయి?” అని పిల్ల అడిగింది. ఆనాడు మావద్ద సమాధానం లేదు.

సమాధానం ఇది. తేటగా ఉన్న నీరు వేరు, చేప బ్రతకగల నీరు వేరు. చేప తిన్న ఆహారంలో కొంత అమ్మోనియాగా మారి మొప్పలద్వారా నీటిలోకి వస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అదే పుడుతుంది. అది కంటికి కనిపించదు. కొద్ది మోతాదులోనే మొప్పలను కాల్చివేస్తుంది. పాత చెరువులో రాళ్ళకు, గోడలకు అంటుకుని ఉండే ఒక తెగ బాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు కూడ విషమే. మరొక తెగ దానిని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు చేపలకు అంతగా హాని చేయదు, మొక్కలకు ఎరువు. కొత్త కొలనులో ఈ రెండు తెగలూ ఉండవు. అవి పుట్టి పెరగడానికి నాలుగు మొదలు ఆరు వారాల కాలం పడుతుంది. మేము మూడు దినాలు ఆగినాము. దీనికి తోడు కొత్త సిమెంటులోని సున్నపు గుణం నీటిలో దిగి క్షారం పెరిగింది. నీటిలో క్షారమూ వేడీ హెచ్చినకొద్దీ అమ్మోనియా విషమూ హెచ్చుతుంది. వేసవిలో, కొత్త తొట్టెలో, అడిగినంత మేతతో మేము మూడు తప్పులనూ ఒకచోట చేర్చినాము.

ఈ సంగతి మా అమ్మగారికి వివరించగా ఆమె, “తోడు వేయకుండా పాలను గిన్నెలో పోసి, పెరుగు కాలేదని ఏడిస్తే ఏం లాభం?” అన్నారు. శాస్త్రగ్రంథాలలో ఇంతకంటె సుబోధకంగా మేము చదివినది లేదు.

రెండవ పర్యాయం తోడు వేసినాము. ముందుగా కొలనును వారానికొకసారి చొప్పున మూడుసార్లు నింపి, తోడివేసి, గోడలను రుద్ది కడిగినాము. నీటి క్షారగుణాన్ని కొలిచే పి.హెచ్. పరీక్షలో అంకె ఎనిమిదిన్నరకు లోబడినదాకా చేపల మాట ఎత్తలేదు. ప్రక్కన ఒక వడపోత తొట్టె కట్టించి, అందులో గులకరాళ్ళు, నైలాను కుచ్చులు, స్పాంజి పలకలు అమర్చినాము. కొలనులోని నీరంతా రెండు గంటలకొకసారి ఆ తొట్టెగుండా తిరిగి వచ్చేటట్లు, అనగా గంటకు 3,400 లీటర్లు తోడగల పంపు పెట్టినాము. ఇది రాత్రింబవళ్ళు నడవవలె. చాలా ఏళ్ళుగా చేపలు ఆరోగ్యంగా ఉన్న ఒక మిత్రుని కొలనునుంచి వడపోత స్పాంజి ముక్క నొకదానిని తడి ఆరకుండా తెచ్చి మా తొట్టెలో వేసినాము. అదే తోడు.

పిమ్మట రెండే చేపలను తెచ్చినాము. సంచీని పదిహేను నిమిషాలు కొలనునీటిపై తేలనిచ్చి, వేడి సమానమైన తరువాత విడిచినాము. అమ్మోనియా, నైట్రైటు కొలిచే పరీక్షద్రవాలు రంగుచేపల దుకాణాలలో దొరుకుతవి. దినం విడిచి దినం పరీక్షించి పుస్తకంలో వ్రాసుకున్నాము. అంకె పెరిగిననాడు మేత మాని, అయిదవ వంతు నీటిని మార్చినాము. అయిదవ వారంలో రెండు అంకెలూ సున్నకు దిగినవి. తరువాతనే మరి నాలుగింటిని తెచ్చినాము. వాటిని మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచి, రోగం లేదని నిశ్చయించుకుని కలిపినాము. వేయి లీటర్లకు ఒక చేప అన్న లెక్క మీరితే ప్రమాదం. చేప చిన్నదిగదా అని మోసపోరాదు. అది రెండడుగులదాకా పెరుగుతుంది.

ఇక నిత్యకృత్యాలు. కోయికి జీర్ణాశయం లేదు. ఒకేసారి ఎక్కువ తిని దాచుకోలేదు. అయిదు నిమిషాలలో తినగలిగినంత మేత, దినానికి రెండు మూడుసార్లు చాలును. వారానికి పదవ వంతు నీటిని మార్చవలె. తీసిన నీటిని మేము అరటిచెట్లకు పారిస్తాము. కొత్త నీటిలోని క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేటు విరుస్తుంది. వడపోత స్పాంజిని ఎన్నడూ కుళాయిక్రింద కడుగరాదు. క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది, ఆరువారాల శ్రమ ఒక్క పూటలో పోతుంది. కొలనునీటినే బక్కెటలో తీసుకుని అందులో జాడించవలె.

మన ఎండలలో మరొక జాగ్రత్త అవసరం. ఇరవై డిగ్రీల వేడిలో లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది. ముప్పై డిగ్రీలలో ఏడున్నరకు తగ్గుతుంది. తెల్లవారుజామున ఇది అన్నిటికంటె తక్కువగా ఉంటుంది, ఎందుకంటే రాత్రివేళ నీటిమొక్కలు, పాచి కూడ ప్రాణవాయువునే పీల్చుకుంటవి. ఆ వేళ కరెంటు పోతే చేపలు ఊపిరాడక పోతవి. అందుకు బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు దగ్గర ఉంచుకోవలె. నీడకోసం పందిరి వేయవచ్చును గాని, వేపచెట్టు క్రింద కొలను కట్టరాదు. రాలిన ఆకు కుళ్ళి నీటిని పాడుచేస్తుంది. కొంగకు, లకుముకిపిట్టకు, పిల్లికి వల అడ్డుకట్ట. అన్నిటికంటె ముఖ్యం, నాలుగడుగుల నీరు పసిపిల్లల ప్రాణానికి ముప్పు. మేము చుట్టూ నడుమెత్తు కంచె, తాళం గల తలుపు పెట్టించిన తరువాతనే నీరు నింపినాము.

కోయి బాగా చూచుకుంటే ఇరవై అయిదేళ్ళు బ్రతుకుతుంది. విసుగు పుట్టిననాడు తీసికొనిపోయి ఊరిచెరువులో విడుద్దామనుకోరాదు. ఇది అడుగుమట్టిని పెల్లగించి నీటిని బురదచేస్తుంది. తనతో రోగాలనూ మోసుకుపోతుంది. పెంచలేనివారు పెంచగలవారికి అప్పగించవలె. ఆ ఓపిక లేదనుకుంటే ఒక తామరతొట్టె పెట్టుకోవడం ఉత్తమం. అందులోనూ అందం ఉన్నది.

మా చిన్నమ్మాయి రెండవసారి వచ్చిన చేపలకు వెంటనే పేర్లు పెట్టలేదు. పుస్తకంలో రెండు అంకెలూ సున్న అయినదాకా ఆగింది. ఇప్పుడు ఆరింటికీ పేర్లున్నవి. ఆదివారం ఉదయం పరీక్షనాళికను వెలుతురులో ఎత్తి రంగు చూచే పని ఆమెదే. ఆమె చూచి సరేనన్న తరువాతనే మేము మేతడబ్బా మూత తీస్తాము.