జిమ్మీ ఇంజనీరు: చిత్రమును, సేవయు

బలూచిస్తానమందలి లోరలాయి పట్టణమున 1954లో పార్సీ కుటుంబమున జన్మించిన జిమ్మీ ఇంజనీరను పాకిస్తాన్ చిత్రకారుని గూర్చి నేడు మీకు విన్నవింతును.

1947 నాటి దేశవిభజనము నాయన చూచినవాడు కాడు. ఐనను ఇల్లు వాకిలి విడిచి, బిడ్డలతో తరలిపోయిన నిరాశ్రయుల దుఃఖమును విశాలమైన పటములపై చిత్రించెను. చిత్రించి ఊరకుండలేదు. దీనజనుల నిమిత్తము దేశమున పలుమార్లు కాలినడకన పర్యటించెను. వికలాంగులును అనాథలునగు బాలలను పెద్ద హోటళ్లకు తోడ్కొనిపోయి విందు లొనర్చెను.

అట్టివారికి దూరమునుండి అన్నము పంపుట సులభము. నలుగురి సరసన కూర్చుండబెట్టుట గౌరవము. పటమునందలి దుఃఖమును చూచి కన్నీరు విడుచుటకంటె నిది గొప్పదని నే నెంచెదను. మన పెండ్లిపందిళ్లలో అట్టి బిడ్డకు పంక్తిలో చోటు గలదా యని పెద్దలు విచారింతురు గాక!