గీత దాటి తిరిగి రావడం: తెలుగు తెర మీద ఆట, ప్రేక్షకుడి తీర్పు

(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ డ్రిల్లు మాస్టారి గురించి ఈ సభకు నేను కొత్తగా చెప్పగలిగింది లేదు. పొద్దున డ్రిల్లు, సాయంత్రం చెడుగుడు, రాత్రి సినిమా రెండో ఆట. ఆయన జీవితం మీ కళ్ళ ముందే గడిచింది. ఆయన పరిశీలన పద్ధతి గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. ఆటల నేపథ్యంలో సినిమా వచ్చిందంటే ఆయన పత్రికల్లో సమీక్షల కోసం ఆగేవారు కాదు. సినిమా వదిలాక సైకిల్ స్టాండు దగ్గర నిలబడి జనం మాటలు వినేవారు. ఆట ఆడేవాళ్ళు ఏమన్నారో ఒక పద్దు, ఆట తెలియనివాళ్ళు ఏమన్నారో ఇంకో పద్దు. కొన్ని సినిమాలకు ఆ రెండు పద్దులూ కలుస్తాయి, కొన్నింటికి కలవవు. ఎందుకు కలుస్తాయన్న ప్రశ్న ఆయనది. దానికి జవాబు వెతకడమే నా పని అయింది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆట నియమం ఏదో అదే కథకూ నియమమైనప్పుడు ఆటగాడూ, ఆట తెలియనివాడూ ఒకే తీర్పు చెబుతారు. ఆట కథకు ఉత్త అలంకారమైనప్పుడు ఇద్దరి దారులూ వేరవుతాయి.

రఘుపతి వెంకయ్యగారి కాలం, మన రాజమండ్రిలో దుర్గా సినీటోన్ వెలసిన కాలం మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్ళను. పౌరాణికాల్లో భీమ జరాసంధుల కుస్తీలు, జానపదాల్లో కత్తిసాములు కూడా దాటేస్తాను. అవి బలప్రదర్శనలు. ఆటన్నాక గీత ఉండాలి, నియమం ఉండాలి, ఓడిపోయే వీలుండాలి. ఆ కాలం తెర మీద నాకు ఆ మూడోది కనబడదు. 1991లో ఉషాకిరణ్ వారి 'అశ్విని'లో పరుగుల రాణి అశ్వినీ నాచప్ప తన పాత్ర తానే వేసింది. ఆ సినిమా దగ్గరికి మళ్ళీ వస్తాను. 1999 'తమ్ముడు'లో కిక్ బాక్సింగ్ ఉంది. అక్కడి నుంచి నేరుగా 2003కు వెళదాం. నేను ఎక్కువ కాలం గడిపింది 2003, 2004 సంవత్సరాలతోనే.

2003 సంక్రాంతికి గుణశేఖర్ దర్శకత్వంలో 'ఒక్కడు' వచ్చింది. సంక్రాంతికి మన పల్లెల్లో చెడుగుడు పోటీలు జరుగుతాయి. పగలు బరి దగ్గర కూత విన్నవాళ్ళే రాత్రికి ఆ సినిమా చూశారు. కథ మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ కుర్రాడు అజయ్ కబడ్డీ ఆటగాడు. ఆట కోసం కర్నూలు వెళతాడు. అక్కడ ప్రతినాయకుడు ఓబుల్‌రెడ్డి మనుషుల నుంచి తప్పించుకు పారిపోతున్న అమ్మాయిని కొండారెడ్డి బురుజు దగ్గర కాపాడి, తన ఊరికి తీసుకొస్తాడు. ఈ సినిమాలో కబడ్డీ ఎంతసేపు ఉందని లెక్కపెట్టినవాళ్ళు, 'ఇందులో ఆట తక్కువ, పరుగు ఎక్కువ' అని తేల్చారు. నేను ఒప్పుకోను. కూతకు వెళ్ళినవాడి పనేమిటి? ఊపిరి బిగబట్టి అవతలివాళ్ళ గడ్డ మీదికి ఒంటరిగా వెళ్ళాలి. తాకాల్సినవాళ్ళని తాకాలి. ఏడుగురూ కలిసి పట్టేలోపు గీత దాటి తన గడ్డకు తిరిగి రావాలి. సినిమా మొదటి సగమంతా అజయ్ చేసిన పని ఇదే. కర్నూలు అవతలి బరి, చార్మినార్ దగ్గరి ఇల్లు సొంత బరి. ఆ సినిమా మొత్తం ఒక్క కూత. అందుకే మాస్టారి రెండు పద్దుల్లోనూ దానికి ఒకే మాట పడింది. మరుసటి ఏడాది తమిళంలో 'గిల్లి'గా తీసినప్పుడు కర్నూలు స్థానంలో మదురై వచ్చింది, కబడ్డీ మాత్రం మారలేదు. కబడ్డీ మారితే ఆ కథ నిలవదు.

అదే 2003లో జగపతిబాబు 'కబడ్డీ కబడ్డీ' వచ్చింది. పూరి జగన్నాథ్ 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి' కిక్ బాక్సింగ్‌తో వచ్చింది. వాటి గురించి నేను వేరేచోట రాశాను, ఇక్కడ ఆగను. ఆగాల్సింది 2004 సెప్టెంబరు దగ్గర.

ఆ నెలలో విడుదలైన 'సై' రాజమౌళికి మూడో సినిమా. ఇక్కడ రాజమండ్రి నుంచి రోడ్డు కమ్ రైలు వంతెన దాటితే వచ్చే కొవ్వూరే ఆ కుటుంబం ఊరు. కథ ఇచ్చిన విజయేంద్రప్రసాద్ గారు, సంగీతం ఇచ్చిన కీరవాణి గారు కొవ్వూరులో పుట్టినవారు. రాజమౌళి చిన్ననాటి చదువు అక్కడే. గోదావరి గట్టున పెరిగిన ఈ కుటుంబం తెలుగు ప్రేక్షకుడికి రగ్బీ చూపించాలనుకోవడం చాలా పెద్ద సాహసం. కబడ్డీలో మనకు కూత తెలుసు, క్రికెట్‌లో స్కోరు తెలుసు. రగ్బీలో మనకు తెలిసింది ఏమీ లేదు.

రగ్బీ మన దేశానికి కొత్తదేమీ కాదు. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో ఇంగ్లాండు వారికీ, స్కాట్లాండ్, ఐర్లాండ్, వేల్స్ వారికీ ఆట జరిగింది. తర్వాత వెలసిన కలకత్తా క్లబ్ మూతపడినప్పుడు బ్యాంకులో మిగిలిన సొమ్మును 270 వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి, కప్పు చేయించారు. 1879 నుంచి ఇంగ్లాండు, స్కాట్లాండ్ జట్లు పోటీపడేది ఆ కలకత్తా కప్పు కోసమే. అయితే ఆ ఆట మన డెల్టా దాకా రాలేదు. 'సై' చూసిన రాజోలు రైతుకో, పాలకొల్లు దుకాణదారుకో అందులో ఎవరు తప్పు ఆడారో తెలిసే అవకాశమే లేదు. మరి ఏ కొలతతో ఆ సినిమాను కొలిచారు?

చెడుగుడు కొలతతో కొలిచారు. నేను మాట్లాడించిన పాతతరం ఆటగాళ్ళు రగ్బీని 'బంతితో చెడుగుడు' అన్నారు. బంతి పట్టుకున్నవాడు కూతగాడు, మీద పడేవాళ్ళు పట్టేవాళ్ళు, చివర్లో దాటాల్సిన గీత ఒకటి. కోనసీమలో ఆ ఏడాది ఒలవని కొబ్బరికాయ చంకన పెట్టుకుని ఆ ఆట ఆడామని చెప్పినవాళ్ళు నాకు ఒకరిద్దరు కాదు, చాలామంది దొరికారు. కోలగా ఉండే బంతి ఎక్కడ దొరుకుతుందన్న బెంగ వాళ్ళకు లేకపోయింది.

ఇక కథ చూడండి. ఒక కాలేజీలో విద్యార్థులు రెండు వర్గాలుగా చీలి కొట్టుకుంటూ ఉంటారు. కాలేజీ స్థలం మీద కబ్జాదారు భిక్షు యాదవ్ కన్ను పడుతుంది. స్థలం ఎవరిదో రగ్బీ మైదానంలో తేలాలి. రగ్బీ నియమాలు రెండు గుర్తుచేస్తాను. ఒకటి, ఆ ఆట నేల కోసం జరుగుతుంది. అడుగు అడుగుగా అవతలివాడి నేల గెలుచుకుంటూ పోవాలి. స్థలం కబ్జా కథకు ఇంతకన్నా సరిపోయే ఆట ప్రపంచంలో ఉందా? రెండు, బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి. అంటే ముందుకు పోతున్నవాడు తన వెనక ఎవడో ఒకడు ఉన్నాడని నమ్మాలి. నిన్నటిదాకా కొట్టుకున్న కుర్రాళ్ళు ఆ నమ్మకం నేర్చుకోవడమే 'సై' కథ. స్క్రమ్‌లో ఎనిమిదిమంది భుజం భుజం కలిపి ఒక్కసారిగా నెట్టాలి. ఒక్కడు తన బలం దాచుకున్నా జట్టంతా వెనక్కి పోతుంది. నియమాలు తెలియని ప్రేక్షకుడు కూడా కథ ద్వారా ఆ నియమాల సారం పట్టుకున్నాడు. రగ్బీ తెలియని నేల మీద రగ్బీ సినిమా ఆడిందంటే కారణం ఇదే.

ఇక్కడ ఒక వివాదం గురించి మాట్లాడక తప్పదు. అధ్యక్షులు మన్నించాలి. ఆటల సినిమాల మీద రాసేవారిలో ఖచ్చితత్వవాదులని నేను పిలిచే వర్గం ఒకటుంది. వాళ్ళ లెక్కలో 'సై' రగ్బీ సినిమాయే కాదు. రిఫరీ ఉన్న ఏ మైదానంలోనూ సాగనివ్వని దెబ్బలు అందులో ఉన్నాయి, కాబట్టి ఆటను అవమానించారని వారి వాదం. నియమాలు తప్పాయన్న మాట నిజమే, నేను కాదనను. ఆ తప్పులతో సినిమా విలువ తేల్చడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ఇదే కొలత 'లగాన్'కు పెట్టండి. కథ 1893లో జరుగుతుంది. ఆ కాలంలో ఇంగ్లాండులో ఓవరుకు ఐదు బంతులు. సినిమాలో ఆరు. చరిత్ర తెలిసిన క్రికెట్ అభిమానికి ఇది తప్పే. అయినా ఆ చివరి ఓవరుకు లేచి నిలబడనివాడున్నాడా? పన్ను కట్టలేని ఊరు, ఆడటం రాని ఆట ఆడి గెలవాలి. దొర పెట్టిన నియమంతోనే దొరను ఓడించాలి. కథలోని న్యాయమంతా ఆటలోనే ఉంది. అందుకే ఆ ఆరో బంతి ఎవరికీ అడ్డురాలేదు.

రగ్బీ బాగా తెలిసిన దేశాల సంగతి చూద్దాం. క్లింట్ ఈస్ట్‌వుడ్ 2009లో తీసిన 'ఇన్విక్టస్' 1995 ప్రపంచకప్పు కథ. జోహానెస్‌బర్గ్‌లో దక్షిణాఫ్రికా అదనపు సమయంలో 15–12తో న్యూజిలాండ్‌ను ఓడించింది. కెప్టెన్ పియెనార్ నిలువెత్తు మనిషి, మ్యాట్ డామన్ అంత ఎత్తు లేడు. రగ్బీ అభిమానులు ముందుగా పట్టుకున్నది ఇదే. అది న్యాయమైన ఫిర్యాదే. కానీ మండేలా ఆ జట్టు చొక్కా తొడుక్కుని మైదానంలోకి రావడంలో ఎంత అర్థముందో ఎత్తు కొలిస్తే తెలుస్తుందా? 1963లో వచ్చిన 'దిస్ స్పోర్టింగ్ లైఫ్' ఇంకో రకం. నవల, స్క్రీన్‌ప్లే రాసిన డేవిడ్ స్టోరీ స్వయంగా లీడ్స్ జట్టుకు రగ్బీ లీగ్ ఆడినవాడు. వేక్‌ఫీల్డ్ మైదానంలో తీశారు. ఖచ్చితత్వవాదులు తలకెత్తుకునే సినిమా అది. నేనూ ఎత్తుకుంటాను, కారణం మాత్రం వేరు. ఒంటిని అమ్ముకుని బతికే గని కార్మికుడి కథ అది. మొదట్లోనే ఆటలో అతని పళ్ళు ఊడతాయి. ఆ దెబ్బలో కథ ఉంది కాబట్టే అది నిజమైన దెబ్బలా తగులుతుంది. దృశ్యం నిజం కావడం గొప్పే, అది కథలో భాగం కావడం ఇంకా గొప్ప.

ఆ వర్గం చేతిలో బలమైన సాక్ష్యం ఒకటే, 'అశ్విని'. నిజమైన అథ్లెట్ పరిగెడితే తెర మీద ఆ పరుగుకు సాటి లేదు. ఆ అడుగు, ఆ భుజాల కదలిక నటిస్తే వచ్చేవి కావు. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. నియమం కాస్త అటూ ఇటూ అయితే ప్రేక్షకుడు క్షమిస్తాడు, ఆటగాడి శరీరం అబద్ధమైతే క్షమించడు, కథకు ఆట అక్కర్లేకపోతే అసలు క్షమించడు. ఏది ఎక్కువ తప్పో ఈ వరుసలోనే చూడాలన్నది నా వాదం. ఖచ్చితత్వవాదులు ఈ వరుసను తలకిందులు చేస్తున్నారు.

అధ్యక్షుల చీటీ అందింది. మిగిలిన ఇరవై ఏళ్ళూ త్వరగా చెబుతాను.

2010లో నాని 'భీమిలి కబడ్డీ జట్టు', ఎప్పుడూ ఓడిపోయే జట్టు కథ, దానికి మాతృక ఒక తమిళ సినిమా. 2011లో ఇంద్రగంటి మోహనకృష్ణ 'గోల్కొండ హైస్కూల్'. బడి మైదానం నిలుపుకోవాలంటే కుర్రాళ్ళు క్రికెట్ గెలవాలి. 'సై' లాగే నేల కోసం ఆట. 2014లో ప్రో కబడ్డీ మొదలై, తెలుగు టైటాన్స్ వచ్చాక ఒక పెద్ద మార్పు జరిగింది. ముప్పై సెకన్ల రైడ్, డూ ఆర్ డై, సూపర్ ట్యాకిల్ ఇంటింటికీ తెలిశాయి. అంటే మాస్టారి రెండు పద్దుల మధ్య గోడ పలచబడింది. ఆట తెలియని ప్రేక్షకుడు తగ్గిపోయాడు. దీని మీద పూర్తిగా వేరే ఉపన్యాసం కావాలి.

2019లో క్రికెట్ ఉన్న మూడు సినిమాలు. విశాఖ నేపథ్యంలో 'మజిలీ'. కాకినాడ నేపథ్యంలో 'డియర్ కామ్రేడ్', అందులో అమ్మాయి రాష్ట్రస్థాయి క్రికెటర్. మూడోది 'జెర్సీ'. దర్శకుడు గౌతమ్ తిన్ననూరి మన రాజమండ్రి వారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్‌కు రెండో అవకాశం లేదు, ఒక్క బంతితో అంతా అయిపోతుంది. ముప్పై ఆరేళ్ళ వయసులో బలహీనమైన గుండెతో బ్యాటు పట్టిన అర్జున్‌కు ప్రతి బంతీ అలాంటిదే. క్రికెట్ నియమం, మనిషి ప్రాణం ఒకటైన సినిమా అది. 2021లో 'సీటీమార్' రాజోలు దగ్గరి కడలి ఊరి అమ్మాయిల కబడ్డీ జట్టు కథ. మన వైపు ఊరి పేరు తెర మీద వినబడటం సంతోషమే. కథ బరి మీద ఉన్నంతసేపు బాగుంది, బరి వదిలి ప్రతినాయకుడి వెంట వెళ్ళిన చోట పట్టు సడలింది. అదే ఏడాది విలువిద్యతో 'లక్ష్య', తర్వాతి ఏడాది బాక్సింగ్‌తో 'గని'. 2022లోనే ఒడిశా గిరిజన విద్యార్థుల రగ్బీ కథ 'జంగిల్ క్రై' వచ్చింది, మనవాళ్ళు తక్కువమందే చూశారు. 2025లో రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ జట్టు ఆడింది. 'సై' వచ్చిన ఇరవై ఒక్క ఏళ్ళకు తెలుగు ఊరి పేరుతో రగ్బీ జట్టు వచ్చింది.

చివరిగా ఈ సభలో ఉన్న యువ రచయితలకు ఒక్క విన్నపం. అమలాపురం నుంచి వెళ్ళిన సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచస్థాయి ఆటగాడయ్యాడు. 2022లో థామస్ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు, 2023 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. డబుల్స్ నియమం ఏమిటి? పక్కవాడు వదిలిన ఖాళీని తానే నింపాలి, తాను వదిలిన ఖాళీని పక్కవాడు నింపుతాడని నమ్మాలి. కోనసీమ కుర్రాడి కథ రాయదలిస్తే పతకాలతో మొదలుపెట్టకండి. ముందు ఈ నియమం కాగితం మీద రాసుకోండి. ఆ నియమానికి లొంగే మనిషిని, మీరే ఊహించినవాడైనా సరే, మన లంకల్లోంచి, మన కొబ్బరితోటల్లోంచి వెతకండి. అప్పుడు బ్యాడ్మింటన్ ఆడేవాడూ, రాకెట్ ముట్టనివాడూ ఒకే హాల్లో ఒకే చోట లేచి చప్పట్లు కొడతారు. ఆటల సినిమాకు అంతకుమించిన తీర్పు లేదు.